కొలువుల మనసు కుదరాలంటే ఏం చేయాలె: నేను చేసి చూసినయి

పొద్దుగాల ఆరున్నరకు హన్మకొండల ఏ ల్యాబు ముందు చూసినా ఒకటే తీరు ఉంటది, పరగడుపుతోని వచ్చినోళ్లు లైన్ల నిలబడి షుగరు టెస్టుకు రక్తమిచ్చి ఎప్పుడు చాయ తాగుదుమా అని చూస్తుంటరు, లోపల మా పిల్లలు కండ్లు నులుముకుంట ట్యూబుల మీద పేర్ల స్టిక్కర్లు అంటిస్తుంటరు. నేను గసుంటి ఒక ల్యాబుల 11 ఏండ్ల సంది చేస్తున్న. మొదటి 5 ఏండ్లు రిపోర్టులు టైపు చేసిన, ఇప్పుడు కౌంటరోళ్లు, రక్తం తీసేటోళ్లు, ఊడ్చే అక్కలు అందరు కలిపి 14 మందిని చూసుకుంట. కొత్తగ చేరిన పిల్లలు రెండు మూడు నెలలు కాంగనె నన్ను పక్కకు పిలిచి అడిగే మాట ఒక్కటే, అక్కా పని మంచిగనె ఉంది గని మనసుకు ఎక్కుతలేదు, పొద్దున లేస్తె పోబుద్ది కాదు, ఏం చేయాలె అని. ఒక్కొక్కలకు విడివిడిగ చెప్పుకుంట వచ్చిన, ఇప్పుడు ఒకకాడ రాస్తె ఇంకెవరికన్న పనికొస్తదని రాస్తున్న. ల్యాబోళ్లకే కాదు, చౌరస్తల బట్టల షాపుల పొద్దంత నిలబడేటోళ్లకు, ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణంల లెక్కలు రాసేటోళ్లకు, కాజీపేటల రైలెక్కి రోజు సికింద్రాబాద్ పోయొచ్చేటోళ్లకు గూడ పనికొస్తది.

ముందుగాల కాగితం మీద రెండు వరుసలు గీయున్రి

పని నచ్చుతలేదు అన్నప్పుడు ఏం నచ్చుతలేదో చాలామందికి తెల్వది, అంత కలిపి యాష్టకొస్తది అంటరు గంతే. అందుకె ముందుగాల ఒక కాగితం తీసుకొని మధ్యల గీత గీయున్రి. ఎడమ దిక్కు పని చుట్టు ఉన్న లొల్లి రాయున్రి, జీతం టైముకు పడుతలేదు, బాత్రూం సక్కగ లేదు, సారు అందరి ముందట అరుస్తడు, వారానికి ఒక్క సెలవు గూడ దొరుకుత లేదు, ఇసుంటియి. కుడి దిక్కు అసలు పని గురించి రాయున్రి, కొత్తది ఏం నేర్చుకుంట లేను, చేసింది ఎవ్వరు చూస్తలేరు, ఎవరికోసం చేస్తున్ననో తెలుస్తలేదు, ఇసుంటియి.

ఇట్ల రెండుగ విడగొట్టాలని నేను కనిపెట్టింది కాదు. అమెరికాల ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అని ఒకాయన 1959ల చెప్పిండు, జీతం, పై అధికారి, పనిచేసే జాగ ఇవి బాగలేకపోతె మనిషికి కోపం, బాధ వస్తయి, కని అవి బాగైనంత మాత్రాన సంబురం రాదు, ఉత్తగ బాధ పోతది, సంబురం వచ్చేది పని నుంచి, దొరికే గుర్తింపు నుంచి, నేర్చుకునే దాంట్లనుంచి అని. తర్వాత చాలామంది ఆయన మాట మీద వాదులాడిన్రు, అయినా ఈ విడదీసుడు మాత్రం నాకు మస్తు పనికొచ్చింది.

ఎడమ దిక్కు నిండిపోతె కింద నేను చెప్పేటియేవి చేయకున్రి, ముందు అది సూసుకోవాలె. పదిమంది గని అంతకన్న ఎక్కువ గని పనిచేసే ల్యాబు, హాస్పిటలు, షాపుల నెల జీతం 21,000 లోపు ఉంటె ఈఎస్ఐ రావాలె, ఇరవై మంది ఉంటె పీఎఫ్ కట్టాలె. వారానికి ఒక రోజు సెలవు షాపులల్ల చేసేటోళ్లకు గూడ హక్కే. ఆడపిల్లలను ఎవరన్న ఇబ్బంది పెడితె 2013ల వచ్చిన చట్టం ప్రకారం పదిమంది గని అంతకన్న ఎక్కువ గని ఉన్న ప్రతి జాగల ఒక కమిటీ ఉండాలె, అంతకన్న తక్కువ మంది ఉంటె జిల్లా కమిటీకి చెప్పుకోవచ్చు. ఇవి అడుగుడు లొల్లి పెట్టుకునుడు కాదు, మన కష్టానికి లెక్క అడుగుడు.

నా ఎడమ వరుస ఒకప్పుడు నిండే ఉండె. ఈ ల్యాబుకు రాకముందు ఇంకొక కాడ రెండేండ్లు చేసిన. అక్కడ మా పెద్దసారు పేషెంట్ల ముందట పేరు గూడ పిలువకుంట ఏయ్ అని పిలిచేది, బిల్లుల పది రూపాయలు తేడా వస్తె కౌంటరు కాడ నిలబెట్టి అందరు వినేటట్టు తిట్టేది. ఆదివారం మాపటికి కడుపుల ఒక ముడి పడేది నాకు, అన్నం తినబుద్ది కాకపోయేది, నాకే పని చేతకాదేమో అనుకునేదాన్ని. ఇక్కడికొచ్చిన రెండు నెలలకు ఆ ముడి ఎటు పోయిందో తెల్వది. అప్పుడు అర్థమయ్యింది, పనిని కాదు నేను భయపడ్డది.

పని ఎవరికి చేరుతదో పోయి చూడున్రి

నేను చెప్పాలనుకున్న అసలు ముచ్చట ఇదే, మిగిలినయన్ని దీనికి తోడు. ఎడమ వరుస కొంచెం సద్దుమణిగినంక, మీ చేతులనుంచి పోయిన పని చివరికి ఎవరి చేతులకు పోతుందో ఒక్కసారన్న కండ్లార చూడున్రి.

నేను టైపు చేసే రోజులల్ల గోడ దిక్కు మొఖం పెట్టి కూసునేదాన్ని, పొద్దున తొమ్మిదింటి సంది మాపటిదాక అంకెలు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, కిడ్నీలు సక్కగ లేకపోతె పెరిగే క్రియాటినిన్, ఒక్క మనిషి మొఖం కనపడకపోయేది. ఒకనాడు ఒక గర్భిణి రిపోర్టుల హిమోగ్లోబిన్ 6.1 వచ్చింది, 7 కన్న తక్కువంటె చాల ప్రమాదం, టెక్నీషియన్ అన్న మల్లొకసారి మిషన్ల పెట్టి చూసి వెంటనె డాక్టరుకు ఫోను చేసిండు, నేను టైపు చేసి ప్రింటు ఇచ్చిన, మర్చిపోయిన. మూడు వారాలైనంక కౌంటరు పిల్లగాడు రాకపోతె నన్ను కౌంటరుల కూసోపెట్టిన్రు. పరకాల దిక్కు నుంచి ఒక తల్లి బిడ్డ వచ్చిన్రు, బిడ్డకు ఏడో నెల, హాస్పిటల్ల రక్తం ఎక్కించి మల్ల టెస్టుకు పంపిన్రంట. కొత్త రిపోర్టు చేతుల పెట్టంగనె ఆ తల్లి చీర కొంగు ముడి విప్పి నాలుగు మడతలు పెట్టిన పాత కాగితం తీసింది, రెండు పక్కపక్కన కౌంటరు మీద పరిచింది, పాతదాంట్ల 6.1 మీద పసుపు పట్టిన వేలు పెట్టి, "బిడ్డా, ఇది ఎక్కువైతె మంచిదా, తక్కువైతె మంచిదా" అని అడిగింది. ఎక్కువైతెనె మంచిది అవ్వా, ఇప్పుడు 9.4 అయ్యింది సూడు అని కొత్తదాంట్ల చూపించిన. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి కొంచెంసేపు అట్లనె ఉంది, తీయలేదు.

ఆ పాత కాగితం నేను కొట్టిందే. ఆనాటి సంది ఒక అంకె కొట్టేటప్పుడు దీని మీద ఎవరి వేలు పడుతదో అని ఒక్క సెకను ఆగేదాన్ని. పని అదే, కుర్చీ అదే, జీతం అదే, గోడ గూడ అదే.

తర్వాత చాల ఏండ్లకు చదివిన, అమెరికాల ఒక యూనివర్సిటీ కోసం ఫోన్లు చేసి చందాలు అడిగేటోళ్ల మీద ఆడం గ్రాంట్ అని ఒకాయన, ఆయన తోటోళ్లు కలిసి చేసిన ప్రయోగం 2007ల అచ్చయ్యింది. ఆ చందాలతోని స్కాలర్‌షిప్ వచ్చి చదువుకుంటున్న ఒక పిల్లగానితోని కొంతమందిని అయిదు నిమిషాలు మాట్లాడిపిచ్చిన్రు, గంతే. నెల రోజులకు చూస్తె వాళ్లు ఫోన్ల మాట్లాడే టైము రెండింతలకన్న ఎక్కువైంది, తెచ్చిన పైసలు గూడ రెండింతలు దాటినయి. ఆ అయిదు నిమిషాలు నాకు మా కౌంటరుల దొరికినయి.

మీరు ఎట్ల చేయాలె అంటె, మీ పనిని బట్టి ఉంటది. అడ్తి దుకాణంల తక్‌పట్టీలు, అంటె రైతు సరుకు అమ్మినంక ఇచ్చే లెక్క కాగితాలు, రాసేటోళ్లు ఒకనాడు కుర్చీ ఇడిసి మిర్చి బస్తాల కాడికి పోయి, మీరు రాసిన పట్టీ చేతుల పట్టుకున్న రైతుతోని రెండు నిమిషాలు మాట్లాడున్రి, ఆ కాగితం చూసే ఆయన ఏ అప్పు ముందు కట్టాల్నో లెక్కేసుకుంటడు, మీరు ఒక్క అంకె తప్పు రాస్తె ఆయన ఇంట్ల ఏమైతదో అర్థమైతది. బట్టల షాపోళ్లు పెండ్లి చీరలు కొన్నోళ్లను, అక్కా పెండ్లి ఫొటో ఒకటి వాట్సాప్ చేయున్రి అని అడుగున్రి, చాలామంది సంబురంగ పంపుతరు. కంప్యూటరు పనోళ్లు నెలకు ఒక గంట మీ సాఫ్ట్‌వేరు వాడేటోళ్లు చేసే ఫిర్యాదు ఫోన్లు వినున్రి. కోపంతోని మాట్లాడినా సరే వినున్రి, కోపమొచ్చిందంటె మీ పని వాళ్ల రోజుల అంత పెద్ద భాగమన్నట్టు.

పనిల కొంత మీది మీరు కలుపుకోవాలె

మా ల్యాబుల ఊడ్చే అక్క ఒకామె ఉన్నది, నేను చేరినప్పటి సంది ఉన్నది. రక్తమిచ్చినంక కొంతమందికి కండ్లు తిరుగుతయి. ఆమె ఫ్యాను కింద ఒక కుర్చీ ఎప్పుడు ఖాళీగ ఉంచుతది, ఎవరి మొఖం పాలిపోతుందో మాకన్న ముందు ఆమెకే తెలుస్తది, చేతుల చీపురు పక్కకు పెట్టి భుజం పట్టుకొని కూసోపెట్టి నీళ్లిస్తది. ఎవ్వరు చెప్పలేదు ఆమెకు. హాస్పిటళ్లల్ల శుభ్రం చేసేటోళ్లతోని మాట్లాడి ఆమీ రెజ్నెస్కీ, జేన్ డట్టన్ అని ఇద్దరు 2001ల ఇదే రాసిన్రు, ఒకటే డ్యూటీ చేసేటోళ్లల్ల గూడ కొందరు మాది ఊడ్చే పని అనుకుంటరు, కొందరు మేము గూడ రోగం నయం చేసేటోళ్లమే అనుకొని పనికి చిన్నచిన్నయి కలుపుకుంటరు, ఆ రెండో రకపోళ్లే పనిని ఇష్టపడతరు అని.

మీ డ్యూటీల మీకు నచ్చే ముక్క ఏదుందో చూసి దాన్ని రోజుకు పది నిమిషాలు పెంచున్రి. పిల్లలతోని మంచిగుంటరా, చిన్నపిల్లల రక్తం తీసేటప్పుడు ముచ్చట పెట్టే పని మీరు అడిగి తీసుకోన్రి. ఎక్సెల్ వస్తదా, పక్కోళ్లకు నేర్పున్రి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె, ఇట్ల కలుపుకున్న పనిని పైనోళ్లు ఫ్రీగ వచ్చిందిగా అని నెత్తి మీద రుద్దొద్దు. నేను పెద్దపనిలకు వచ్చినంక మొదట చేసింది, ఆ అక్క డ్యూటీ చార్టుల కండ్లు తిరిగినోళ్లను చూసుకునుడు అని ఒక లైను రాపిచ్చి, జీతం పెంచేటప్పుడు ఆ లైను చూపిచ్చి మాట్లాడిన. ఆ చార్టు ఆమెకు చదవరాదు, బిడ్డతోని చదివిపిచ్చుకున్నదంట.

ఇంటికి పోయేముందు రెండు లైన్లు

టెరిసా అమాబైల్, స్టీవెన్ క్రేమర్ అని ఇద్దరు 238 మంది ఉద్యోగస్తుల రోజువారీ డైరీలు, దగ్గరదగ్గర 12,000 ఎంట్రీలు చదివి 2011ల పుస్తకం తెచ్చిన్రు. మనిషికి మంచిగ గడిచిన రోజుల ఎక్కువసార్లు కనపడ్డది ఏందంటె, ముఖ్యమైన పని ఒక్క అడుగన్న ముందటికి పోవుడు. పెద్దది కానవసరం లేదు. మేము ఏం చేస్తమంటె, పోయేటప్పుడు ఒక నోటుబుక్కుల ఈయాల ఏది ముందటికి పోయింది, ఏది ఆగింది అని రెండు లైన్లు రాస్తం. నాకు మొదట ఇది స్కూలు హోంవర్కు లెక్క ఉంటదేమో అనిపించింది, కని పదిహేను రోజుల తర్వాత వెనక పేజీలు తిప్పుతె, ఆగింది అన్న దగ్గర రోజు ప్రింటరు పేరే ఉన్నది, కొత్త ప్రింటరు కొనిపిచ్చినం, సగం లొల్లి దాంతోనె పోయింది.

మీ చేతికింద పది మంది ఉంటె

ఇది జర ఎక్కువ రాస్త, ఎందుకంటె ఒక్కలు సంబురంగ ఉండుడు వేరు, పది మంది ఉండేటట్టు చూసుడు వేరు.

పేరు పెట్టి పిలువున్రి, పెద్దోళ్లయితె అన్న అనో అక్క అనో కలిపి పిలువున్రి. ఊడ్చే అక్కకు అక్క అనేది, డాక్టరుకు సార్ అనేది, మధ్యలున్న ల్యాబు పిల్లగానికి ఏయ్ అనేది ఎక్కడి పద్ధతి. తిట్టాలంటె లోపలికి పిలిచి తలుపేసి చెప్పున్రి. మెచ్చుకునేది ఉత్త బాగా చేసినవ్ అని కాకుంట విడమర్చి చెప్పున్రి. నిన్న ఆ బాపుకు నరం దొరకకపోతె మల్ల పొడవకుంట సీనియర్‌ను పిలిచినవ్ సూడు, అది మంచి పని, అని చెప్తె ఆ పిల్ల రేపు గూడ అదే చేస్తది.

తప్పు చెప్పినోళ్లను కాపాడున్రి. ఎమీ ఎడ్మండ్సన్ అనే ఆమె హాస్పిటల్ టీంల మీద చదువు చేసేటప్పుడు మంచి టీంలల్ల మందుల తప్పులు తక్కువుంటయి అనుకున్నది, లెక్కలు ఉల్టా వచ్చినయి, మంచి టీంలే ఎక్కువ తప్పులు చెప్పినయి. ఆరా తీస్తె, వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నరని కాదు, దాచిపెడుతలేరు అని తేలింది. మా కాడ ఒకనాడు ఒక కొత్త పిల్లగాడు మొఖం అంత చెమటలతోని వచ్చి, అక్కా ఒకటే ఇంటిపేరున్న ఇద్దరి స్టిక్కర్లు మార్చి అంటించిన్నేమో అని డౌటుంది అన్నడు. వాడు చెప్పకపోతె ఎవ్వరికి తెల్వకపోవు, ఒకలి షుగరు ఇంకొకలి పేరు మీద పోయేది. నా నోట్లనుంచి మొదట వచ్చిన మాట, చెప్పినవ్ మంచిదైంది. ఇద్దరికి ఫోను చేసి క్షమించమని చెప్పి మల్ల పిలిపిచ్చి ఫ్రీగ శాంపిలు తీసుకున్నం, ఒకాయన కోప్పడ్డడు, పడ్డం. తెల్లారి సంది పేషెంటు ముందటనె, వాళ్ల నోటితోని పేరు చెప్పిపిచ్చుకున్నంకనె స్టిక్కరు అంటించాలె అని రూలు పెట్టినం, ఆ రూలు ఆ పిల్లగాడే రాసిండు, ఇప్పటికి గోడ మీద వాని చేతిరాతనె ఉన్నది.

డ్యూటీ చార్టు వాళ్లనే వేసుకోనియ్యున్రి. నేను వేసినన్ని రోజులు ప్రతి నెల ఎవరో ఒకలు మూతి ముడుచుకునేది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అని ఇద్దరు మనిషికి మూడు కావాలె అంటరు, నా పని కొంతన్న నా చేతుల ఉండాలె, నాకు ఇది వచ్చు అనిపించాలె, నా వాళ్లు అనేటోళ్లు ఉండాలె. చార్టు వాళ్లకిస్తె మూడిట్ల రెండు అక్కడనె తీరుతయి. బతుకమ్మ తొమ్మిది రోజులు మా ఆడపిల్లలకు మాపటి డ్యూటీ అంటె ప్రాణం మీదికొస్తది, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి కాడ ఊరంత ఉంటె మనం ల్యాబుల ట్యూబులు కడుగుడా అంటరు, న్యాయమే గద. చార్టు వాళ్లకిచ్చిన మొదటి ఏడే మగపిల్లలు బతుకమ్మ మాపులు తీసుకున్నరు, బదులుగ మేడారం జాతరప్పుడు నాలుగు రోజులు ఆడపిల్లలు చూసుకున్నరు, మా అన్వర్ భాయ్ అని మేము పిలుచుకునే డ్రైవరుకు రంజాన్ పొద్దుమూకి డ్యూటీలు ఎవ్వరు వేయలేదు. నేను ఒక్క మాట చెప్పలేదు.

కలిసి తినున్రి. ఇరవై నిమిషాలే, ఫోన్లు పక్కకు. మా అమ్మోళ్లు నాట్లు వేసేటప్పుడు నడుములు ఒంగి పొద్దంత బురదల ఉండేది, అంత కష్టంల గూడ పాట పాడుకునేది, గట్టు మీద సద్దులు విప్పి ఒకలది ఒకలు బుక్కెడు తినేది. మా కాడ ఒకామె తెచ్చే సర్వపిండి కోసం బుధవారం ఎవ్వరు సెలవు పెట్టరు, ఇది నిజంగ చెప్తున్న. బర్త్‌డే కేకు కోసుడు, గోడలకు కొటేషన్లు అతికిచ్చుడు చెడ్డయి కావు గని, జీతం పదో తారీకు దాటినా పడకుంట కేకు కోస్తె తినేటోళ్లకు ఎక్కడ మింగుడు పడుతది.

ఇవన్ని చేసినా మనసు లేస్తలేదంటె

రోజు అలిసిపోవుడు వేరు, లోపల అరిగిపోవుడు వేరు. ఈ అరిగిపోవుడునే ఇంగ్లీషుల బర్నౌట్ అంటరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల దీన్ని పనితోని వచ్చే స్థితిగ గుర్తించింది, మూడు గుర్తులు చెప్పింది: ఒంట్ల సత్తువ అయిపోయినట్టు ఉండుడు, పని మీద విరక్తి, దూరం పెరుగుడు, చేసేది ఏది సక్కగ అయితలేదు అనిపించుడు. ఈ మూడు కలిసి వారాలకొద్ది ఉంటె నోటుబుక్కులతోని, సర్వపిండితోని పోదు. సెలవు పెట్టున్రి, డాక్టరుకు చూపిచ్చుకోన్రి, 14416కు ఫోను చేస్తె, మనసు బాధల కోసం సర్కారు నడిపే టెలి మానస్ వాళ్లు పైసలు తీసుకోకుంట తెలుగుల మాట్లాడుతరు, రాత్రి పూట గూడ. కొలువు మారాలె అనుకుంటె మూడు నెలల గడువు పెట్టుకొని, ఇంకోటి చేతికొచ్చినంకనె ఇడువున్రి, జీతం స్లిప్పులు, పీఎఫ్ నంబరు జాగ్రత్తగ పెట్టుకోన్రి.

ఇప్పుడు మా కాడ కొత్తగ ఎవరు చేరినా, టైపు చేసేటోళ్లయినా సరే, మొదటి రోజు కంప్యూటరు ముందు కూసోపెట్టను. రిపోర్టులిచ్చే కౌంటరు కాడ రెండు గంటలు నిలబెడ్త, ఏం చేయకు, చూడు అని చెప్త. పోయిన వారం చేరిన పిల్ల పదకొండు గంటలకు నా దగ్గరికొచ్చి, అక్కా ఆ ములుగు అవ్వ కాగితం రెండుసార్లు ముద్దు పెట్టుకొని సంచిల పెట్టుకున్నది, క్రియాటినిన్ తగ్గినట్టేనా అని అడిగింది. తగ్గింది అని చెప్పిన. సరే అక్కా, నా కుర్చీ ఏది అన్నది.